లష్కర్ బిడ్డ, ఎనిమిది వందల మీటర్లు

తెల్లారక ముందే హన్మకొండ గ్రౌండు.
మొదటి రౌండు మెల్లగ:
పిక్కల్లో నెత్తురు
కాకతీయ కాలువ నీళ్లోలె నిండుగ పారుతది.

మా బాపు లష్కర్.
తూము షట్టర్ తిప్పుకుంట అంటుండె:
"ఉన్నయి గవే నీళ్లు బిడ్డా, వంతులే మారుతయి."

రెండో రౌండు. విజిలు.
కడుపు వంతు కోసి కాళ్లకిచ్చిన.
రాత్రి తిన్న జొన్నరొట్టె
అరగక ఆగి చూస్తున్నది.
ఇంకా ఉరికితే
బిగిసిన తొడ తన తూమును తనే మూసుకుంటది,
వదిలిన లిప్తలోనే గుక్కెడు తాగుతది.

ఆఖరి వంద మీటర్లు అప్పే.
ఎంత రొప్పినా
ఆక్సిజన్ చివరి మడికి అందదు.
అక్కడ మంట,
నెర్రెలు.

గీత దాటి కూలబడ్డ.
అప్పుడొచ్చినయి నీళ్లు,
అందరి వంతూ ఒక్కసారే,
చెవుల్లో దబదబ.

టైమెంతని అడగలె.
ఫోన్ తీసిన:
"బాపూ, ఇయ్యాల గేటెత్తినవా?"