ఏడు అంకె

స్టీమరు మోసుకొచ్చిన రెండు నెలల పాత వార్త.
అమెరికాలో ఏదో రాష్ట్రం.
పేరు మా పంతులుగారు మూడు రకాలుగా పలికి
నాలుగో రకంగా రాసిచ్చారు.
అక్కడ గవర్నరుని జనమే ఎన్నుకుంటారట.
కమ్మరీ, పాలమ్మేవాడూ, గుర్రాలు తోమేవాడూ
చెక్కగదిలోకి ఒక్కొక్కడే పోయి
కాగితం మీద గీత పెట్టి వస్తాడట.
"ఆడాళ్ళు కూడానా అండీ?"
"నువ్వు ముందు అక్షరాలు పేర్చు గవర్రాజూ."

కాకినాడ మునిసిపాలిటీలో ఆయనకి ఓటుంది.
పన్ను కట్టేంత గోడ నాకు లేదు.
సీసం ఉంది. లోకాన్ని తిరగేసి చదవడం వచ్చు.

గెలిచినాయనకి రెండు లక్షల పధ్నాలుగు వేల
మూడు వందల అరవై ఏడు.
ఓడినాయనకి నాలుగు తక్కువ.
గూట్లో చెయ్యి పెడితే ఏడు లేదు.
ఉన్న ఏడులన్నీ వేలం నోటీసులో కూర్చున్నాయి:
కచేరీవారి శిస్తు బాకీలు,
ఏడు రూపాయల ఏడణాలకి ఒక చేను.

సున్న పెట్టి ప్రూఫు తీశాను.
పంతులుగారు కళ్ళజోడు పైకి నెట్టి,
"ఓడినవాణ్ణి గెలిపించావు కదయ్యా!
ఆ ఏడుగురూ ఏరీ?
సముద్రానికి అవతలుంటే మాత్రం మనుషులు కారూ?"

ఆ మాట నన్ను పట్టుకుంది.

జగన్నాథపురం వంతెన కింద పడవవాడు
కట్టల కోసం కేకేస్తున్నాడు.
ఆముదం దీపం నోటీసు మీదకి జరిపాను.
మా లంకలో పొన్నాడ నరసమ్మ, పొగాకు చేను,
సర్వే నంబరు ౧౭౪.
పోయినేడు వరద వేసిన ఇసక మేట
ఆవిడ తట్టతో ఇంకా మోస్తూనే ఉంది.
పటకారుతో మధ్య ఏడుని పైకి లాగి
ఆ సందులో నాలుగు దిగ్గొట్టాను.

ఏడు అమెరికా వెళ్ళింది.
గవర్నరు గెలిచాడు.

మా లంకలో నూట నలభై నాలుగో నంబరుని
గోదారి కోసుకుపోయి పదేళ్ళు.
అమీను టముకువాణ్ణి వెంటేసుకొచ్చి
గట్టు మీద నిలబడి, నీళ్ళు చూపించి,
పాట పాడమన్నాడట.
ఎవరూ నోరు మెదపలేదు.
వల ఆరేసుకుంటున్న ఒకడు మాత్రం
అణా అన్నాడట, నవ్వకుండా.

కొత్త నోటీసు ఎన్నాళ్ళకొచ్చిందో,
ఈలోగా ఆకు కోతకొచ్చిందో లేదో
నేనడగలేదు. అడిగితే తెలిసిపోతుంది.

పంతులుగారు రెండణాలు జరిమానా కోశారు.
"ఏడుకీ నాలుక్కీ తేడా తెలీదుటయ్యా?"
"చూపు మందగించిందండీ" అన్నాను.

రోజూ ఇంటికెళ్తూ కాలవ దగ్గర ఆగి
కొబ్బరి పీచుతో వేలి సిరా తోముకుంటాను.
ఆ పూట తోముకోలేదు.