పన్నెండో నిమిషం

పొయ్యి కాదది, ఓవెన్.
మా ఇంట్లో అందరూ పొయ్యి అనే తిడతారు.

గిరింపేటలో మాది రోడ్డుకి రెండో ఇల్లు.
రాగిపిండి, శెనక్కాయపప్పు, బెల్లం కలిపి
ట్రేలో బిళ్ళలు పరిచి తలుపు మూస్తానా,
పది నిమిషాలు ఎర్రగా, బుద్ధిగా ఉంటుంది.
పదకొండు.
పన్నెండో నిమిషానికి మీటరు బోర్డులో టక్‌మని ఒక్క చప్పుడు,
ఇల్లంతా మూగది.
ఫ్యాను ఇంకో నాలుగు చుట్లు తిరిగి, సంగతి తెలిసి, ఆగతాది.
మేడమీద అద్దెకుండే జయసుధ కొడుకు
లెక్కల పుస్తకం మూసి సంతోషంగా కేకేస్తాడు.

“ఆ బటన్ పెట్టె పీకేసి డైరెక్టుగా ఇచ్చేస్తే పోలా?”
అంటాడు మా ఆయన మునిశేఖర.
“పూతలపట్టులో మా అన్నోళ్ళింట్లో అసలది లేనే లేదు,
వాళ్ళేమన్నా చచ్చిపోయినారా?”

నేను మాట్లాడలేదు.
గ్యాసోళ్ళిచ్చిన క్యాలెండర్లో
పాల లెక్క పక్కనే రాసుకుంటా పోయినాను:
మంగళవారం, ఫ్రిజ్జు తీసేసి పెట్టినా. పడింది.
బుధవారం, వంటింటి ప్లగ్గు కాదు, హాల్లోది. పడింది.
గురువారం వాన. మూడు నిమిషాలకే.
శుక్రవారం రాయలేదు, కోపంగా ఉన్నాను.
శనివారం పైమంట ఒక్కటే. నిలిచింది! అరగంట నిలిచింది.
అడుగుమంటకి తిప్పినా,
టక్.

ఆదివారం గోమతి వచ్చింది, స్కూటీ మీద,
డిక్కీలో రబ్బరు చెప్పులు, ప్లాస్టిక్ డబ్బాలో స్క్రూలు.
ఐటీఐలో ఆ బ్యాచ్‌కి తనొక్కతే ఆడపిల్లంట.
క్యాలెండరు మొత్తం చదివింది, పాల లెక్కతో సహా.
“సగం పని నువ్వే చేసి పెట్టినావు గదక్కా.”

వెనక రేకు విప్పితే రెండు బల్లిగుడ్లు,
ఒక చీమల బారు, పాత బెల్లం వాసన.
మీటరు సూది ఒకటి కడ్డీ కొనకి, ఒకటి ఒంటి రేకుకి ఆనించింది.
ముల్లు కదలకూడదు.
కదిలింది,
నిద్రలో పిల్లోడు కాలు కదిపినంత.

“ఈ గొట్టం నడిమధ్యన తీగ ఉండాది,
చుట్టూ తెల్లపొడి. తీగని రేకుకి తగలనీకుండా
కాపలా కాసేది ఆ పొడే.
కొనకాడ సీలు పగిలి, తేమంతా తాగేసింది.
కరెంటు రవ్వంత రవ్వంత ఒంట్లోకి కారతా ఉండాది.”
మా ఆయన వైపు తిరిగి,
“పెట్టెకేం రోగం లేదన్నా.
అది పడకపోయింటే
పడేది ఈయక్క.”

ఆయన బోర్డు వైపు చూసినాడు. తర్వాత నా చేతుల వైపు.

“వానల్లో యాడ పెట్టినారు దీన్ని?”

హైరోడ్డు బేకరీ ఆయన మూడు పెట్టెలు వెనక్కి పంపినాడు,
నల్లగా ఉంటే ఎవరు కొంటారమ్మా అని.
ఆ దినమే నేనే దీన్ని ఈడ్చుకోని పోయి
పెరట్లో రేకుల కింద పడేసి గోనెపట్ట కప్పినాను.
రెండు నెల్లు. అటు తలే తిప్పలేదు.
గోమతికి మాత్రం ఒక్క మాటే చెప్పినాను,
“పెరట్లో.”

అడుగు కడ్డీ తీగలు విడదీసి, టేపు చుట్టింది.
“పైమంట ఒక్కటే సన్నంగా, తలుపు సందు వదిలి, మూడు గంటలు.
పైది కాగతా ఉంటే కిందిది ఆరతాది.
ఆరకపోతే కొత్తది, ఎనిమిదొందలు.”
బల్లిగుడ్లని కాగితం మీద ఎత్తి గోడమీద పెట్టి పోయింది.

సందకాడ మళ్ళీ వచ్చి సూదులు ఆనించింది.
ముల్లు మాట్లాడలేదు.
కొనకి కొత్త సీలు పూసి, తీగలు కలిపింది.

అడుగుమంట.
ట్రే ఖాళీ, పిండి నేనింకా కలపలేదు.
మునిశేఖర పోయి బోర్డు కింద నిలబడినాడు,
పీకేయమన్న పెట్టె కిందే,
చేతిలో ఫోన్లో గడియారం పెట్టుకోని.

“పది,” అన్నాడు.
మేడమీద పిల్లోడు కూడా ఎదురుచూస్తున్నట్టున్నాడు,
అడుగుల చప్పుడు ఆగింది.
“పదకొండు.”

ఆ తర్వాతి అంకె ఆయన బయటికి అనలేదు.
ఫ్యాను తిరగతానే ఉండాది.
బెల్లం డబ్బా యాడ పెట్టినానో
ఎంత వెతికినా కనపడలా.