రెండో గడియారం

హడర్స్‌ఫీల్డ్‌లో వాన పడటం మానినా
కిటికీ అద్దం మానదు.
మూడో అంతస్తులో, ఇరవై ఐదు డిగ్రీల పెట్టెలో
నేను ఈగలు పెంచుతాను.
బేరాల్లేని కొట్టువాణ్ణి మావాళ్ళు
ఈగలు తోలుకుంటున్నాడంటారు.
నాకు దానికే జీతం.

మార్స్‌డెన్ పైన పాత రాతి క్వారీలో
గొర్రెల కాపరి కుక్క మొరిగి మొరిగి కదలనన్న చోట
దొరికాడతను.
పేరు మరిచిపోయింది ఈసారి ఈగ కాదు.
ఈగకి అన్నీ గుర్తే.
ఏ ఎండపొడలో దిగింది,
కంటి మూలనా, పెదవి చివరనా గుడ్లు పెట్టింది,
పురుగు ఎన్నిసార్లు చర్మం విడిచింది,
ఎంత దూరం పాకి మట్టిలో దూరి
గోధుమరంగు పీపాలా బిగుసుకుంది.
వెచ్చదనాన్ని గంటలతో హెచ్చవేస్తే
చావు తేదీ వస్తుంది.

రావాలి.
డాక్టర్ థాక్రే పటకారుతో ఒక పీపా ఎత్తి
దీపానికి అడ్డం పెట్టింది.
"ఆగిపోయింది" అంది.

ఆపింది ఒక కందిరీగ,
ఆవగింజకి రెక్కలొచ్చినట్టుంటుంది.
పీపా ఎక్కి, మీసాలతో తట్టి తట్టి విని,
సూదితో పెంకు తొలిచి
చుక్కలో వెయ్యోవంతు విషం వదులుతుంది.
చంపదు. అదే దాని విద్య.
చచ్చింది కుళ్ళుతుంది, పిల్లలకి పనికిరాదు.
ఈగ బతికే ఉంటుంది,
ఈగ అవడం మాత్రం మానేస్తుంది.
కళ్ళకి ఎరుపు రాబోయే చోట నిలిచిపోయి
లోలోపల కొవ్వు కూడబెడుతుంది
ఎవరి పంక్తికో తెలీకుండానే.

ఎనిమిదో తరగతిలో సుందరాచారి గారు
భ్రమరకీటక న్యాయం చెప్పారు.
తుమ్మెద పురుగుని తెచ్చి గూట్లో పెట్టి
చుట్టూ ఝుమ్మని తిరుగుతుంటే
భయంతో దాన్నే తలచి తలచి
పురుగు తుమ్మెదే అయిపోతుందట.
వెనక బెంచీలో నేను నమ్మాను.
ఇప్పుడు లెన్సు కింద చూస్తున్నాను, మాస్టారూ.
పురుగు ఏమీ అవలేదు.
పెంకు పగిలితే వచ్చింది మాత్రం కందిరీగే.
మీరు మొదలూ చూశారు, చివరా చూశారు,
నడుమ జరిగిన భోజనం చూడలేదు, అంతే.

ఈగ గడియారం ఆగిన చోట
కందిరీగ గడియారం మొదలు.
ఆగేదాకా ఒక లెక్క, ఆగాక ఒక లెక్క.
నలభై మూడు పెంకులు పగలగొట్టాను,
తెల్లవి, పసుపువి, కళ్ళు ఎర్రబడ్డవి, ఒళ్ళు నల్లబడ్డవి.
కూడితే ఆగస్టు ఏడు, ఎనిమిది, తొమ్మిది.
ఇంతకంటే సన్నగా కోసే కత్తి నా దగ్గర లేదు.

పేరు దొరికాక అతని చెల్లెలు ఫోన్ చేసింది,
మోరీన్ ఆర్మిటేజ్.
చేయకూడదు. ఎవరో నంబరిచ్చారు.
సమాధిరాయి చెక్కే అతను ఒక్క తేదీ అడుగుతున్నాడట.
"ఎనిమిది మాత్రం కాదని చెప్పు తల్లీ,
ఆ రోజు స్కెగ్‌నెస్‌లో, గాలికి నా టోపీ ఎగిరిపోతే
కడుపు నొప్పొచ్చేదాకా నవ్వాను."

కోర్టులో లాయరుకి చెప్పాల్సినవి నాకు నేర్పారు,
సంభావ్యత, హద్దులు, నీడకీ ఎండకీ తేడా.
ఇది నేర్పలేదు.
"నాకు తెలియదండీ" అన్నాను.
అవతల కెటిల్ మరిగి టక్కున ఆగింది.
"సరే, ఏడు వేయిస్తాను" అంది.
నేను అవుననలేదు. కాదని కూడా అనలేదు.

పెట్టె తెరిచాను.
పగలగొట్టకుండా ఉంచిన నలభై నాలుగో పెంకుకి
గుండుసూది మొనంత కన్నం పడింది.
ముందు మగది బయటికొచ్చింది,
సరిగా ఎగరలేని పొట్టి రెక్కలతో.
ఎక్కడికీ పోలేదు,
ఆ కన్నం అంచునే కూచుంది.

చీటీ మీద రాశాను,
ఉదయం పది గంటల పన్నెండు నిమిషాలు.