పసి

మా పశువుల ఆసుపత్రిలో ఒక సిమెంటు బల్ల ఉంది.
రోజుకు మూడుసార్లు ఫినాయిలు పోసి కడుగుతాను.
అయినా పొద్దున కుక్క వణికిన చోటే
మధ్యాహ్నం వచ్చిన మేక కాళ్లు బిగదీసుకుంటుంది.
దానికెవరు చెప్పారు?
సూది ఇంకా డబ్బాలోనే ఉంది,
డాక్టరుగారు ఇంకా టీ తాగుతున్నారు.

నల్లపాడు నుంచి సైదులు తోలుకొచ్చిన గేదె
ఓసారి గేటు దగ్గరే ఆగిపోయింది.
ముందురోజు అక్కడొక దూడ పోయింది.
నీళ్లు కొట్టాం, సున్నం చల్లాం.
గేదె నేలకు ముట్టె ఆనించి
చదవాల్సిందంతా చదువుకుని
వెనక్కి తిరిగింది.
"పసిగట్టిందయ్యా," అన్నాడు సైదులు
పగ్గం భుజానేసుకుని, తనూ అక్కడే కూలబడి.

పసి అంటే వాసన అని
మా తాత చెప్పేదాకా నాకు తెలీదు.
పసులకుండేది, పసిపిల్లలకుండేది,
మాటలొచ్చాక మనం ఎక్కడో పారేసుకునేది.

నాకైతే రెండేళ్ల కిందటి జ్వరంలో పోయింది.
పప్పు తాలింపు పోయింది, వానకు ముందొచ్చే గాలి పోయింది.
నా చేతులకు పట్టిన ఫినాయిలు కూడా పోయింది,
దాన్నొక్కదాన్ని వదులుకోవడానికి బాధపడలేదు.
ఏప్రిల్లో యార్డు మీంచి గాలి తిరిగితే
గుంటూరంతా తుమ్ముతుంది.
నేనూ తుమ్ముతాను. అదే విచిత్రం.
వాసన లేదు, మంట ఉంది.
ఉత్తరం పోయి
చింపిన చప్పుడు మాత్రం మిగిలినట్టు.

రూతు యార్డులో తొడిమలు తీస్తుంది.
ఒకప్పుడు ఆమె గడపలో చెప్పులు విడుస్తుంటేనే
ఆ రోజేం జరిగిందో నాకు తెలిసేది.
మిరప ఘాటు పైపొర. దాని కింద
మేస్త్రీతో తగువైన రోజు చెమట తుప్పు ఇనుము,
కూలి చేతిలో పడిన శనివారం తడిపిన గోనెసంచి,
వాళ్లమ్మ గుర్తొచ్చిన రోజు మాత్రం
అడుగంటిన పాలు.
ఇదంతా నిజమో, నేను అల్లుకున్నదో.
డాక్టరుగారినడిగితే
"కుక్కకంటే సరే, మనిషి సంగతి ఎవరు చూడొచ్చారయ్యా" అని నవ్వారు.
ఆయన ముక్కు పనిచేస్తుంది. నవ్వుతారు మరి.

ఇప్పుడు నోటితో అడుగుతాను, ఏమైందని.
ఏం లేదంటుంది.
ఏం లేదనే నమ్ముతాను.

తాలు మా కుక్క.
యార్డులో తాలుకాయల కుప్ప పక్కన దొరికింది,
రంగూ అదే, పేరూ అదే.
ఆ మంగళవారం అది రూతు కాళ్ల దగ్గర్నుంచి కదల్లేదు.
అన్నం పెట్టినా రాలేదు.
ఆమె కొంగు చివర ముక్కు పెట్టి
సన్నగా ఒక చప్పుడు చేసింది.
మా బల్ల మీద ఇరవై ఏళ్లుగా వింటున్న చప్పుడు.

"పొద్దున ఎక్కడికెళ్లావు?"
తొడిమలు తీసే వేళ్లతో చాలాసేపు కొంగు నలిపింది.
పెద్దాసుపత్రికి, అంది.
చంకలో గడ్డ. ముక్క తీసి పంపారు.
శుక్రవారం రమ్మన్నారు.

ఆమె అరచేయి తీసుకుని ముక్కుకు ఆనించుకున్నాను.
ఏమీ లేదు. గోడను వాసన చూసినట్టు.
తర్వాత, మెల్లగా, మిరప
కళ్లలోకి ఎక్కింది.
"ఏడుస్తున్నావా?"
"కారం," అన్నాను.
ఆమె వంగి నా మెడ దగ్గర గాలి పీల్చింది,
ఒక్కసారే, గేదె నేలను పీల్చినట్టు.
"అబద్ధం," అంది.

శుక్రవారానికి ఇంకా మూడు రోజులు.
తాలు మా ఇద్దరి మధ్య దూరి పడుకుంది,
ఒకసారి ఆమె వైపు, ఒకసారి నా వైపు
తల తిప్పుతూ,
ఎవరి భయం పెద్దదో తేల్చుకోలేక.