మార్పు

మా విడవలూరు పక్క ఈ చేప పేరే మార్పు.
పొలుసు లేదు, సిగ్గు లేదు,
నాలుగు జతల మీసాలు పెట్టుకొని
అప్పులోళ్ళు వచ్చినప్పుడు నేను దాక్కున్నట్టు
అడుగు బురదలో దాక్కుంటుంది.

రెండెకరాల గుంట, కౌలుది.
తెల్లారి ఐదుకి, మళ్ళీ పొద్దుగూకేటప్పుడు
బకెట్టు తట్టిన చప్పుడుకి
నీళ్ళు ఉడికినట్టు పైకొస్తాయి.
ఇన్నేళ్ళూ ఆ బకెట్లో ఉన్నది సముద్రమే.
ఎండు నెత్తళ్ళ పొడి,
రామతీర్థం పట్టపుపాళెం నుంచి
ఆదెమ్మ ఆటోలో వేసుకొచ్చే గోతాలు.
ఆటోలోంచి ఆమెకంటే ముందు
వాసన దిగేది.

మొన్న మాఘంలో ఉత్త చేతులతో దిగింది.
"లేవబ్బా. వలలో బొటనేలంత పిల్లలు తప్ప పడటంలా.
అవి కూడా ఒడ్డున ఆరకముందే
పొడి మిల్లోళ్ళు లారీకెత్తతా ఉండారు.
నెత్తలి ఎట్టుంటదని
నా మనవరాలు అడగతా ఉండాది,
సముద్రం ఒడ్డున పుట్టి!"

ఆ రాత్రి లెక్క వేసుకున్నా:
ఒక్క కిలో మార్పు కోసం ఎన్ని నెత్తళ్ళు?
వేళ్ళు చాల్లేదు. లెక్క ఆపేశా.

ముత్తుకూరు చేపల కాలేజీ నుంచి
షంషాద్ అని ఒక పిల్ల వచ్చింది,
నోటుబుక్కు మీద "మేతలో మార్పు" అని రాసుకొని.
మేతలో చేప ఎందుకుంటదమ్మా అన్నాను.
నవ్వింది. తర్వాత
ఇన్నాళ్ళూ ఉన్నది చేపే కదా అని
ఇద్దరం నవ్వు ఆపాం.

కావలి గానుగ నుంచి శనక్కాయ చెక్క,
ఒంగోలు నుంచి సోయా,
మా బర్రె వాటాలోంచి తవుడు,
ఇంటెనక మునగాకు ఎండబెట్టి.
నెత్తళ్ళ పొడి ముందు నాలుగోవంతు తగ్గించాలి, తర్వాత సగం.
సోయా పచ్చిగా పెడితే
పొట్టకి తాళం పడుద్దంట, వేయించమంది.
చెక్క విరిచి వాసన చూడమంది,
కంటికి కనపడని బూజు
కాలేయంలో కాపురం పెడుతుందంట.
పొయ్యి దగ్గర నన్ను చూసి రవణమ్మ అంది,
"నాకెప్పుడన్నా గుప్పెడు గింజలు
ఇట్టా వేయించి పెట్టావా?"

మూడు రోజులు
బకెట్టు చప్పుడుకి వచ్చాయి,
మూతి ఆనించాయి, మీసం తిప్పి పోయాయి.
సాయంత్రం నీళ్ళ మీద తేలే గుళికల్ని చూస్తుంటే
ముట్టని విస్తళ్ళ ముందు నిలబడ్డ
పెళ్ళి వంటోడి కడుపు నాది.

నాలుగో రాత్రి వాన.
మార్పుకి నేల తెలుసు.
రెక్క ముళ్ళు మోచేతుల్లా ఊని
గాలి మింగుతా నడుస్తుంది.
టార్చి వేస్తే గట్టు మీద ముప్పై దాకా,
అన్నీ తూర్పుకి, సముద్రం వైపు.
ఏ తిండి తిన్నా వానకి నడుస్తాయని తెలుసు నాకు.
తెలిసినా,
నెత్తళ్ళని వెతుక్కుంటా పోతున్నాయనే అనిపించింది.
తట్టలోకి ఏరాను.
ఒకటి పొడిచింది. వేలు వారం వాచింది.

ఐదో రోజు తిన్నాయి.
ఎందుకమ్మా అంటే షంషాద్
నోటుబుక్కు తిప్పి తిప్పి,
"ఆకలి సార్" అంది.

పట్టుబడి రోజు కాటా చెప్పింది,
నిరుటికంటే తలా పది గ్రాములు తక్కువ.
మేత బాకీ కూడా తక్కువే.
ఏది ఎక్కువ తక్కువో ఇంకా తేల్చలేదు.

ఆదెమ్మ రెండు కిలోలు కొనుక్కుంది.
ఊరికే ఇస్తానంటే ఒప్పుకోలా.
గట్టు మీదే కత్తిపీట వేసి ఒకదాని పొట్ట చీల్చి
వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది, చాలాసేపు.
"శనక్కాయ," అంది.
బాగుందనీ అనలా, బాగాలేదనీ అనలా.

పోతా పోతా షెడ్డు వైపు చూసింది.
పాత నెత్తళ్ళ గోతం ఒకటి మిగిలుంది,
రెండుసార్లు ఉతికినా వాసన పోనిది,
పిల్లి దాని మీదే పడుకుంటుంది.
"అది ఇయ్యి," అంది.
ఉత్త గోతం ఏం చేసుకుంటావని అడిగితే
పిల్లిని లేపి, మడిచి, చంకలో పెట్టుకుంది.

ఆటో మలుపు తిరిగింది.
గుంటలో మిగిలినవాటి కోసం
బకెట్టు తట్టాను.