నలభై మూడు రూపాయలు

మూడు లాంతర్ల నుంచి కంటోన్మెంటుకి పోయే సందులో
మసీదు గోడకి ఆనుకుని రేకుల గది.
మా వడ్డీలేని సొసైటీ అదే.
జూట్ మిల్లు టైమాఫీసులో ముప్పై ఏళ్లు
మనుషుల రాకపోకలు రాసిన జిలానీ గారి చెయ్యి
మిల్లుకి తాళం పడ్డాక
మా అప్పులు రాస్తోంది.

పచ్చ అట్ట పుస్తకం.
పేర్లుండవందులో, అంకెలే.
నేను అరవై ఏడు.
దూదేకే మిషను కొన్నప్పుడు ఎనిమిది వేలు తీసుకున్నాను.
వారం వారం కొంగుముడి విప్పి ఇస్తే
లెక్కపెట్టకుండా సొరుగులో వేసుకునేవారు.
ఎనిమిది వేలకి ఎనిమిది వేలే.
పైన ఇవ్వాల్సింది దువా ఒక్కటే.

రంజాన్ వెళ్లాక
కమిటీ కుర్రాళ్లు గోడకి
నలుపూ తెలుపూ గళ్ల కాగితం అంటించారు.
పక్కన మాట్లాడే డబ్బా.
"ఇంకేటి కాసింబీ పిన్నీ, ఫోను చూపెడితే సాలు"
అన్నాడు నాగూర్ మీరా.

చూపెట్టాను.
"యాభై రూపాయలు అందాయి!"
డబ్బా గొంతు ఎంత ఖణీమందంటే
వరసలో ఉన్న నలుగురూ తల తిప్పారు.
ఆ వారం నా దగ్గర అంతే ఉందని,
ముసురులో ఎవరూ పరుపులు ఏకించుకోరని
డబ్బాకి ఎవరు చెప్పాలి?

జిలానీ గారు కలం మూత పెట్టారు.
లేచి, వైరు పీకి,
డబ్బాని బీరువాలో పాత రసీదుల కింద పడుకోబెట్టారు.
"డబ్బు రానీ. అరుపెందుకు?"

గళ్ల కాగితం మాత్రం ఉండిపోయింది.
నిజం చెప్పొద్దూ, నాకదే సుఖం.
బొబ్బిలి సంతలో పరుపు కుడుతూనే
వాయిదా కట్టేస్తున్నాను.

మూణ్ణెల్లకి ఇంకో గొడవ.
అడక్కుండానే బ్యాంకు
ఖాతాలో నలభై మూడు రూపాయలు వేసింది.
వడ్డీ.
గాల్లో ఎగిరెళ్లిన మా యాభైలూ రెండొందలూ
అక్కడ కాసేపు కునుకు తీస్తే
పిల్లల్ని పెట్టాయన్నమాట.

"కరెంటు ఖాతాకి మారితే వడ్డీ పడదు."
"దాన్లో పదివేలు కదలకుండా ఉంచాలంట."
"కదలని పదివేలుంటే ఇంకో మిషను రాదా?"
ఇషా నమాజు దాకా తెగలేదు.
చివరికి మారదామన్నారు,
ఆ పదివేలు ఎక్కడివన్నది పైవారానికి వాయిదా.

మరి ఈ నలభై మూడు?
తినకూడదు. దానమనుకోకూడదు.
పుణ్యం రాయించుకోకుండా వదిలించుకోవాలి.
జిలానీ గారు సొంత జేబులోంచి రెండు రూపాయలు కలిపి
ఫినాయిలు సీసా కొన్నారు.
కాంప్లెక్సు మరుగుదొడ్ల దగ్గర ఇచ్చి రమ్మని
నా చేతికిచ్చారు.

"ఎవులిచ్చారమ్మా?" అంది తుడిచే పైడమ్మ.
ఏమని చెప్పను.
"ఎవరిదీ కాదు" అన్నాను.
"అయితే మరీ మంచిది,
ఎవులికీ దండం ఎట్టక్కర్లేదు"
అని మూత తిప్పింది.