ఏం కూర?

రెండు నలభైకి ఫోను మోగింది.
పెర్త్ నుంచి మిర్నా పావ్లిచ్.
వాళ్లకింకా పన్నెండు నలభై, గొంతులో నిద్ర లేదు.
"సుభాషిణీ, నాలుగువేల నూట పన్నెండో బిల్డు
ఒకసారి పచ్చగా ఉంది,
పేజీ మళ్లీ తెరిస్తే ఎర్రగా ఉంది.
దేన్ని నమ్మను?"

ఈ వారం డ్యూటీ నాది.
దుప్పటి కప్పుకునే వంటగదిలో లాప్‌టాప్ తెరిచాను.
న్యూకాజిల్ రేవు పక్క, క్యారింగ్టన్‌లో మా అద్దె ఇల్లు.
బొగ్గు లోడర్ల రొద రాత్రంతా కిటికీకి ఆనుకునే ఉంటుంది.
పొద్దున గట్టు తుడిస్తే గుడ్డ నల్లబడుతుంది.

మా సర్వీసు చేసేది చెప్పుకోవడానికి చిన్న పని:
ఎవరు ఏ కోడు కలిపారు, అది నిలబడిందా కూలిందా,
చిట్టా రాసి చూపించడం.
గుమాస్తాలు ముగ్గురు.
వాళ్ల ముందు లోడ్ బాలెన్సర్,
పెళ్లి పంక్తిలో ఖాళీ విస్తరి వెతికిపెట్టే పెద్దమనిషిలా
మీరిటు, మీరటు అంటూ వచ్చినవాళ్లను కూర్చోబెడుతుంది.
రిటైరైపోతూ నార్మన్ ఆ మూడు సర్వర్లకీ
తన కుక్కల పేర్లు పెట్టి వెళ్లాడు.
డస్టీ, పికిల్, మేజర్.
అసలు మేజర్ నిరుడే పోయిందట.

లాగులు చదివాను.
ప్రతి ఐదు సెకన్లకీ బాలెన్సర్ అడుగుతోంది: బాగున్నావా?
మేజర్ అంటోంది: బాగున్నాను.
పదకొండూ పదికే డేటాబేసుతో లంకె తెగిపోయి
పాత జ్ఞాపకాన్నే వడ్డిస్తూ,
చద్దిదని చెప్పకుండా,
బాగున్నాను, బాగున్నాను.
లెక్కేశాను. రెండువేల ఐదువందల ఇరవై సార్లు.

అబద్ధమని అనలేను.
అడిగినదానికే జవాబు చెప్పింది పాపం.
ఆ ప్రశ్న రాసింది నేను,
మూడేళ్ల కిందట, ఒక శుక్రవారం సాయంత్రం,
స్టాక్టన్ ఫెర్రీ దాటిపోతుందన్న తొందరలో.

"ఎర్రదే నిజం" అన్నాను.
మిర్నా కాసేపు మాట్లాడలేదు.
పచ్చదాన్ని నమ్మి గని ట్రక్కులకు పంపబోయిందట.

మేజర్‌ని వరసలోంచి తప్పించాలి.
ఉన్నపళాన కాదు,
విస్తట్లో చెయ్యి ఉన్నవాళ్లని లేపకూడదు కదా.
కొత్తవాళ్లను అటు పంపడం ఆపి కూర్చున్నాను.
నలభై ఒకరు. పంతొమ్మిది. ఆరుగురు. ఒకరు.
ఆ ఒకరు ఎంతకీ లేవరు.
బ్రౌజరు తెరిచిపెట్టి ఎక్కడో నిద్రపోయుంటారు.
బయట సముద్రంలో ఓడలు లంగరేసుకుని
బొగ్గు కోసం వంతు చూస్తుంటాయి.
వాటి దీపాలు మా కిటికీకి ఆనవు.
ఉన్నాయని మాత్రం తెలుసు.

డాండెనాంగ్ ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసే మా హైమత్త
ఫోనులో బాగున్నావా అని అడగదు.
ఏం కూర? అంటుంది.
బాగున్నానని ఎవరైనా అనేస్తారు.
కూర పేరు చెప్పాలంటే
పొయ్యి వెలిగించి ఉండాలి.
పోయిన జూన్‌లో నెలంతా
నేను ఆవిడ ఫోను ఎత్తలేదు.

తనిఖీలో ఒక్క వరసే మార్చాను.
చివరి బిల్డు నంబరు ఎంత?
ఇప్పుడే డేటాబేసుకు వెళ్లి చూసి చెప్పు,
గుర్తున్నది చెప్పకు.
డస్టీ ఠక్కున చెప్పింది.
పికిల్ తడుముకుని చెప్పింది.
లంకె కలిపి, లేపి, మేజర్‌ని అడిగాను.
ఒక సెకను.
రెండు.
నాలుగువేల నూట పదమూడు.
కూలినదాన్ని ఎవరో అప్పుడే సరిచేసి పంపినట్టున్నారు.

నాలుగూ పది.
రేపటి నివేదికలో కారణం దగ్గర
"ప్రశ్న సరిపోలేదు" అని రాశాను.
ఎవరి ప్రశ్నో రాయాలా వద్దా అని
టీ చల్లారేదాకా ఆలోచించి, రాశాను.

ఫ్రిజ్ తీసి చూశాను.
హైమత్త ఈ వేళకి వార్డులో మెలకువగానే ఉంటుంది.
అడగకుండానే మెసేజ్ పెట్టాను:
గుమ్మడికాయ పులుసు.
నిన్నటిది. ఉప్పెక్కువైంది.